కవబాతను కవిగా చదవాలి

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ సాహిత్య పేజీలో జపాన్ రచయిత యసునారి కవబాత మీద వచ్చిన వ్యాసం చదివాను. విదేశీ రచయితలకు, అందులోనూ ఆసియా రచయితలకు, తెలుగు దినపత్రికలో అరపేజీ దొరకడమే అరుదు కనుక ముందుగా మీకూ వ్యాసకర్తకూ కృతజ్ఞతలు. అయితే వ్యాసకర్త మొదటి పేరాలో కవబాతను గత శతాబ్దపు గొప్ప కథకుల్లో ఒకరిగా నిలబెట్టి, ఆ తరువాత 'మంచు దేశం' నవలలో కథ ముందుకు సాగదనీ, పాత్రలు మొదట ఎక్కడున్నాయో చివరికీ అక్కడే ఉన్నాయనీ, ముగింపు అర్ధాంతరంగా తెగిపోయిందనీ నిరుత్సాహపడ్డారు. ఆయన ప్రశంసను నేను ఒప్పుకోలేను, ఆయన ఫిర్యాదును కాదనలేను. కథ కోసం వెళ్లినవారిని ఆ నవల నిజంగానే నిరాశపరుస్తుంది. కవబాత స్వభావరీత్యా కవి అనీ, ఛందస్సుకు బదులు వచనాన్ని ఎంచుకున్న కవి అనీ, కథ చెప్పడం ఆయనకున్న విద్యల్లో రెండో స్థానానిదేననీ నా అభిప్రాయం. అలా చదివినప్పుడే ఆయన గొప్పతనమూ, ఆయన పరిమితీ సరిగా కనిపిస్తాయి. ఈ మాటను కొంత వివరంగా చెప్పడానికి చోటివ్వమని కోరుతున్నాను.

కవబాత మీద 'కథకుడు' అన్న ముద్ర బలంగా పడడానికి నోబెల్ బహుమతి ప్రకటన కూడా ఒక కారణం. 1968లో స్వీడిష్ అకాడమీ ఆయన కథన నైపుణ్యాన్నే ముందు పేర్కొని, అది జపాన్ మనసులోని సారాన్ని ఎంతో సున్నితంగా వ్యక్తం చేసిందని మెచ్చుకుంది. అదే ఏడాది డిసెంబరు 12న స్టాక్‌హోంలో కవబాత తన సొంత భాషలో ఇచ్చిన ప్రసంగాన్ని ఆ ప్రకటన పక్కన పెట్టి చదివితే, బహుమతి ఇచ్చినవారు చూసిన రచయితా, బహుమతి అందుకున్నవారు తమలో చూసుకున్న రచయితా ఒకరు కారేమో అనిపిస్తుంది. ఆ ప్రసంగం పద్యంతో మొదలవుతుంది. వసంతానికి పూలు, వేసవికి కోకిల, శరత్తుకు చంద్రుడు, చలికాలానికి తేటగా చల్లగా ఉండే మంచు అని పదమూడో శతాబ్దపు జెన్ బౌద్ధ గురువు దోగెన్ చెప్పిన పద్యం అది. వెంటనే మ్యోఎ అనే సన్యాసి వస్తాడు. మబ్బుల్లోంచి బయటికి వచ్చి తనకు తోడుగా నడిచిన చలికాలపు చంద్రుడి మీద ఆయన చెప్పిన పద్యాలు వస్తాయి. ఆ తరువాత ర్యోకన్, ఇక్క్యూ, సైగ్యో, అందరూ కవులే. ప్రాచీన జపాన్ వచన కావ్యమైన గెంజి గాథకు ఆయన నమస్కరించారు గానీ తన సొంత నవలల గురించి దాదాపు ఏమీ చెప్పలేదు. 'వేయి కొంగలు' నవలను తేనీటి ఉత్సవ సౌందర్యానికి స్తోత్రంగా చదవడం పొరపాటనీ, ఆ ఉత్సవంలో చొరబడిన చవకబారుతనం మీద అది ఒక హెచ్చరిక అనీ చెప్పిన కొన్ని వాక్యాలు మాత్రమే అందుకు మినహాయింపు. ప్రపంచమంతా వింటున్న సమయంలో తాను ఏ పరంపరకు చెందినవాడో చెప్పుకోవలసి వచ్చినప్పుడు ఆయన కవుల పేర్లు చెప్పారు. విమర్శకులు ఈ సాక్ష్యానికి తగిన విలువ ఇవ్వలేదు.

'మంచు దేశం' రూపొందిన తీరు కూడా ఇదే చెబుతుంది. 1935 జనవరిలో, సాయంకాలపు దృశ్యం కనిపించే అద్దం అన్న అర్థం వచ్చే శీర్షికతో ఒక పత్రికలో చిన్న ఖండిక వచ్చింది. తరువాయి భాగం వేరే పత్రికలో, వేరే శీర్షికతో వెలువడింది. ఇలా విడివిడిగా వచ్చిన ఖండికలు కలిసి 1937లో పుస్తకమయ్యాయి. అయినా ఆయన తృప్తిపడక మళ్లీ రాస్తూ, మారుస్తూ పోయారు. ఈరోజు మనం చదువుతున్న రూపం 1948 నాటిది. పదమూడేళ్లపాటు ఒక చిన్న నవలను ఇలా కలుపుతూ, తీసేస్తూ ఉన్న మనిషి చివరికి 1972లో, తాను మరణించిన ఏడాదే, దాన్ని కొద్ది పేజీల ఖండికగా కుదించారు. సంఘటనల గొలుసు మీద నిలబడిన నవలకు ఈ కుదింపు సాధ్యం కాదు, ఒక కొక్కెం తీస్తే మొత్తం జారిపోతుంది. దృశ్యాల మీద నిలబడిన రచన మాత్రం కుదించినా బతుకుతుంది.

నవలలోని కథ రెండు మూడు వాక్యాల్లో అయిపోతుంది. తాతల ఆస్తి మీద బతుకుతూ, తాను ఎన్నడూ చూడని పాశ్చాత్య బ్యాలే నృత్యం గురించి వ్యాసాలు రాసే షిమమురా అనే టోక్యో గృహస్థు, పడమటి కొండల్లో వేడినీటి బుగ్గలున్న ఊరికి మూడుసార్లు వెళతాడు. అక్కడ కొమకో అనే గెయిషా, విందుల్లో ఆటపాటలతో అతిథులను అలరించే వృత్తిలో ఉన్న యువతి, అతన్ని ప్రేమిస్తుంది, అతను ప్రేమించలేడు. యోకో అనే మరో అమ్మాయి వీరిద్దరి మధ్య నీడలా తిరుగుతుంది, చివర ఒక అగ్నిప్రమాదం జరుగుతుంది. ఇంతే. ఆ మూడు ప్రయాణాలను కూడా రచయిత వరుసగా చెప్పలేదు. చలికాలపు రెండో ప్రయాణంతో పుస్తకం తెరిచి, చిగుళ్ల కాలంలో జరిగిన మొదటి ప్రయాణాన్ని జ్ఞాపకంగా వెనక్కి నెట్టి, మూడోదాన్ని శరత్తులోకి తెచ్చారు. ఇక్కడ ఋతువులు చేసిన పని సంఘటనలు చేయలేదు.

రైలు పొడవైన సొరంగం దాటి మంచు దేశంలోకి రావడం, రాత్రి అడుగుభాగం తెల్లబడడం అనే మొదటి వాక్యాలు జపాన్‌లో చదువుకున్నవారికి కంఠతా వచ్చినంత ప్రసిద్ధం. వాటి వెంటనే వచ్చే అద్దం దృశ్యం నాకు అంతకన్నా ముఖ్యం. పొద్దుగూకే వేళ రైలు కిటికీ అద్దం మీద పట్టిన ఆవిరిని షిమమురా వేలితో తుడుస్తాడు, అక్కడ ఒక స్త్రీ కన్ను తేలుతుంది. అది ఎదురు వరుసలో కూర్చున్న యోకో ప్రతిబింబం. అద్దంలో ఆమె ముఖం కదలకుండా ఉంటుంది, ముఖం వెనుక, ముఖంలోంచి, చీకటి పడుతున్న కొండలు ప్రవహిస్తూ పోతాయి. ఒక క్షణాన కొండల్లో దూరంగా వెలుగుతున్న దీపం సరిగ్గా ఆమె కంటిపాప మీదికి వచ్చి నిలుస్తుంది, కన్నూ దీపమూ ఒకటవుతాయి. ఈ దృశ్యం వల్ల కథ ఒక్క అడుగు కూడా ముందుకు వేయదు, దీన్ని తీసేసినా ఎవరి జీవితమూ మారదు. అయినా చివరి పేజీలో పట్టుగూళ్ల గిడ్డంగి తగలబడుతున్నప్పుడు, యోకో మేడ మీది నుంచి పడిపోతున్నప్పుడు, షిమమురాకు ఈ అద్దపు దీపం గుర్తుకు వస్తుంది. పైన పాలపుంత హోరుమంటూ అతని లోపలికి దిగుతుంది. నిప్పూ మంచూ ముఖమూ ఆకాశమూ కలిసిన ఆ చోటనే పుస్తకం ఆగుతుంది. యోకో బతికిందా, కొమకో ఏమైంది, షిమమురా ఇంటికి వెళ్లాడా అన్నది రచయిత చెప్పలేదు. వ్యాసకర్త దీనినే తెగిపోయిన ముగింపు అన్నారు. మొదటి బింబం చివరి బింబాన్ని అందుకున్న చోట కవిత పూర్తయింది, కథ పూర్తి కావలసిన అవసరం ఆ రచనకు లేదు.

కవబాతను హైకూ కవులతో పోల్చడం కొత్తేమీ కాదు. ఆ నవలను 1956లో ఇంగ్లీషులోకి తెచ్చిన ఎడ్వర్డ్ సైడెన్‌స్టికరే ఆ పోలిక తెచ్చారు, అప్పటి నుంచి అందరూ దాన్నే చెబుతున్నారు. కవి ఇస్మాయిల్ గారి వల్లా మరికొందరి వల్లా హైకూ అనే ఆ మూడు పాదాల చిన్న కవిత తెలుగులో పాతికేళ్లకు పైగా సుపరిచితం కనుక మన పాఠకులకూ అది వెంటనే తోచే పోలికే. నా దృష్టిలో అది సగం నిజం. హైకూ ఏ కవిత్వంలోంచి విడివడి వచ్చిందో ఆ గొలుసు కవిత్వం, రెంగా, కవబాతకు ఇంకా దగ్గర. ఇద్దరు ముగ్గురు కవులు కూర్చొని ఒకరి తరువాత ఒకరు పద్యం చెబుతూ పోయే ఆ పద్ధతిలో, ప్రతి పద్యమూ తనకు ముందున్న దానితో మాత్రమే కలవాలి. అంతకు ముందున్న దాని నుంచి తప్పుకోవాలి. మొత్తం మీద నడిచే కథ ఉండదు, ఋతువులు మారుతూ ఉంటాయి, చంద్రుడికీ పూలకూ తమ తమ చోట్లు ఉంటాయి. 1488లో రెంగా కవి సోగి తన ఇద్దరు శిష్యులతో కలిసి మినసె అనే చోట చెప్పిన నూరు పద్యాలు దీనికి పరాకాష్ఠగా పేరుపొందాయి. 'మంచు దేశం' పేరాల మధ్య ఉన్న ఖాళీలను గమనించండి. కొమకో తాగి వచ్చి మాట్లాడిన మాటల పక్కనే, చలి పెరిగే కొద్దీ షిమమురా గదిలో చాప మీద రోజూ చచ్చిపడుతున్న పురుగుల వర్ణన వస్తుంది. ఈ రెండింటి మధ్య 'అందువల్ల' లేదు, 'ఆ తరువాత' కూడా లేదు. ఆ అతుకును పాఠకుడే వేసుకోవాలి. ఒంటరి బింబం ఎంత అందంగా ఉన్నా అలంకారంగా మిగిలిపోగలదు, అతుకు దగ్గర మాత్రం అలంకారం చాలదు. కవబాతలోని కవి అక్కడ ఉన్నాడని నా నమ్మకం.

ఇలా చదవడానికి తెలుగువారికి జపాన్ శాస్త్రాలే అక్కర్లేదు. వచనాన్ని కవులకు గీటురాయి అన్న సంప్రదాయం మనది. బాణుడి కాదంబరిని మన పూర్వులు కావ్యమనే పిలిచారు. అంతకంటే పదునైన పనిముట్టు సంస్కృత ఆలంకారికుడు ఆనందవర్ధనుడి ధ్వని సిద్ధాంతం, అంటే మాటల్లో చెప్పనిది స్ఫురించడమే కావ్యానికి ప్రాణమన్న సిద్ధాంతం. ఆయన ధ్వన్యాలోకంలో ఉదాహరించిన ఒక ప్రాకృత గాథ, శాతవాహన రాజు హాలుడి పేరున ఉన్న సప్తశతిలోది, సాహిత్య విద్యార్థులందరికీ తెలుసు. అత్త ఇక్కడ పడుకుంటుంది, నేను ఇక్కడ పడుకుంటాను, పగలే చూసుకో బాటసారీ, రాత్రి కళ్లు కనబడక మా పడక మీద పడేవు అని ఒక ఇల్లాలు అంటుంది. మాటల్లో ఉన్నది నిషేధం, వినిపించేది ఆహ్వానం. ఒక ఇల్లు, ఒక ముసలామె, ఒక కోరిక, ఒక సాహసం, ఇంత కథా రెండు పాదాల్లో ఇమిడి ఉంది, కథ మాత్రం చెప్పలేదు. ఈ గాథలనే శ్రీనాథుడు నూనూగు మీసాల వయసులో తెలుగు చేశానని చెప్పుకున్నాడు. కవబాత యౌవనం నుంచి చివరి వరకు రాస్తూ వచ్చిన నూరుకు పైగా 'అరచేతి కథలు' ఈ గాథల పక్కన పెట్టి చదవదగినవి. 1924లో రాసిన ఒక దాంట్లో పిల్లలు రంగురంగుల కాగితపు లాంతర్లు పట్టుకొని రాత్రిపూట పురుగులను వెతుకుతారు. ఒక అబ్బాయి మిడత కావాలా అంటూ ఒక అమ్మాయికి ఇచ్చిన పురుగు, గంటలా మోగే అరుదైన కీచురాయి అని తేలుతుంది. వాళ్లు దాన్ని వంగి చూస్తున్నప్పుడు, లాంతర్లకు చెక్కిన వాళ్ల పేర్లు వెలుగై, అబ్బాయి పేరు అమ్మాయి గుండె మీద, అమ్మాయి పేరు అబ్బాయి నడుము మీద పడతాయి. ఆ సంగతి ఆ ఇద్దరికీ తెలియదు, పక్కన నిలబడి చూసినవాడికే తెలుసు. ఎన్నేళ్లు గడిచినా వాళ్లకు తెలియబోదు.

'మంచు దేశం'లో ధ్వని పనిచేసే చోటు ఒకటి చెబుతాను, ఎందుకంటే ఆ దృశ్యం చాలామంది పాఠకులకు అర్థం కాకుండా పోతుంది. షిమమురా ఒక రాత్రి కొమకోతో నువ్వు మంచి పిల్లవి అంటాడు. కాసేపటికి అదే ధోరణిలో నువ్వు మంచి ఆడదానివి అంటాడు. ఆమె మొదట మామూలుగానే ఏ విధంగా అని అడుగుతుంది. తరువాత ఒక్కసారిగా ఆమె ముఖం ఎర్రబడుతుంది, ఏడుస్తుంది, వెండి పిన్నుతో చాపను పొడుస్తుంది, లేచి వెళ్లిపోతుంది. ఆమె ఏమి అర్థం చేసుకుందో రచయిత ఒక్క మాటలోనూ చెప్పలేదు. అతను తనను ఎలా లెక్కవేస్తున్నాడో, తన ప్రేమకు అతని మనసులో ఉన్న చోటెంతో, ఇది అతని చివరి రాకడ అవుతుందో ఏమో, అన్నీ ఆ పిన్నుపోట్లలో ఉన్నాయి. మామూలు కథకుడైతే ఇక్కడ ఒక సంభాషణ రాసి ఉండేవాడు.

కవి అన్నంత మాత్రాన అభ్యంతరాలు తొలగిపోవు. బాగ్‌లింగంపల్లిలో మేము కొందరం కూడి పుస్తకాలు చదువుకునే చోట ఈ నవల చర్చకు వచ్చినప్పుడు, ఒక అధ్యాపకురాలు చాలా బలమైన ప్రశ్న వేశారు. స్త్రీని అద్దంలో బింబంగా, మంచు మీద ఎరుపుగా చూసి ఆనందించే ఈ చూపు ఆమె బతుకును చూడకుండా తప్పించుకునే చూపు కాదా, కవిత్వం అన్న పేరుతో మనం దాన్ని క్షమిస్తున్నామా అని ఆవిడ అడిగారు. ఈ ప్రశ్న న్యాయమైనది, స్త్రీవాద సాహిత్యం వచ్చిన తరువాత తెలుగు పాఠకులు దీన్ని పక్కన పెట్టలేరు. 1961 నాటి 'నిద్రిస్తున్న సుందరుల ఇల్లు' విషయంలో నాకు ఆవిడతో పేచీ లేదు. అక్కడ బింబం మనిషిని పూర్తిగా మింగేసిందనే నేనూ అనుకుంటాను. 'మంచు దేశం'లో మాత్రం కొమకో బింబంగా మిగలడానికి ఒప్పుకోదు. తాను చదివిన నవలల పాత్రల పేర్లూ వాటి సంబంధాలూ పదిహేను, పదహారేళ్ల వయసు నుంచి పుస్తకాల్లో రాసి పెట్టుకుంటుంది. అది వృథా శ్రమ అని షిమమురా అంటాడు, ఆమె అవునని తేలిగ్గా ఒప్పుకుంటుంది, అయినా మానదు. గురువు దగ్గర కాకుండా స్వరలిపి చూసి, కొండలే శ్రోతలుగా, షమిసెన్ అనే మూడు తీగల వాద్యాన్ని సాధన చేస్తుంది. ఆమె వాయిస్తుంటే షిమమురాకు ఒళ్లు జలదరిస్తుంది. ప్రతి దృశ్యాన్నీ అందమైన బొమ్మగా మార్చుకుని సుఖపడే ఆ మనిషి చూపును ఆమె శ్రమ పదే పదే భంగం చేస్తూ ఉంటుంది. తన చూపులోని క్రౌర్యాన్ని తానే చూపించిన కవిగా కవబాతను ఇక్కడ గౌరవిస్తాను.

అన్ని రచనలకూ ఈ మాట సమానంగా వర్తిస్తుందని అనను. 1926 నాటి 'ఇజు నర్తకి' సాఫీగా చెప్పిన కథ. యుద్ధం తరువాత వచ్చిన 'కొండ సడి'లో కుటుంబ నవలకు కావలసిన సామగ్రి అంతా ఉంది: దారితప్పిన కొడుకు, కాపురం చెడి పుట్టింటికి చేరిన కూతురు, మామగారి మనసులో కోడలి మీద పేరు పెట్టలేని మమకారం. అయినా పెద్ద సంఘటనలు చాలావరకు తెర వెనుక జరిగి, ఇంకొకరి నోట వార్తగా చేరతాయి. ఎదుట నిలిచేవి మాత్రం రాత్రిపూట కొండలోంచి వినిపించిన మోత, ప్రొద్దుతిరుగుడు పూల బరువైన తలలు, నలభై ఏళ్లుగా కట్టుకున్న టై ముడి ఒక ఉదయం హఠాత్తుగా మరచిపోయిన చేతులు.

ఇక, బోర్డు మీద నల్లని, తెల్లని రాళ్లతో ఇద్దరు ఆడే 'గో' ఆట మీద రాసిన నవల. 1938లో హొనింబో షుసాయి అనే వృద్ధ ఆచార్యుడు ఆడిన చివరి పోటీకి కవబాత పత్రికా విలేఖరిగా వెళ్లారు. నడుమ ఆచార్యుడి అనారోగ్యం వల్ల ఆగుతూ జూన్ నుంచి డిసెంబరు వరకు సాగిన ఆ ఆటలో యువకుడైన కితాని మినొరు 5 పాయింట్ల తేడాతో గెలిచాడు. నవలలో అతని పేరు మార్చారు. ఎవరు గెలుస్తారన్న ఉత్కంఠ ఇంత సిద్ధంగా చేతికి అందిన ఇతివృత్తం ఏ కథకుడికైనా వరం. కవబాత మొదటి వాక్యంలోనే ఆచార్యుడు 1940 జనవరి 18న అతమిలో ఒక సత్రంలో మరణించాడని చెప్పి, ఓటమిని కూడా ముందే బయటపెట్టి, ఆ ఉత్కంఠను తన చేతులతో తానే తీసేశారు. మిగిలింది బోర్డు మీద రాయి పడిన చప్పుడు, మనిషి వంగిన తీరు, ఆట అయ్యాక మూసుకున్న కళ్లు. ఆ పుస్తకం ఎలిజీగా, అంటే పోయినవారి కోసం రాసిన శోకగీతంగా, గొప్పది, పోటీ కథగా చదివితే సగంలోనే మూసేయాలనిపిస్తుంది.

ఈ చూపు ఎక్కడ నుంచి వచ్చిందన్నది జీవిత చరిత్రకారుల పని కనుక ఒక్క మాటతో ఆపుతాను. 1899లో పుట్టిన కవబాత చిన్నతనంలోనే తండ్రినీ తల్లినీ, ఆ తరువాత నానమ్మనూ అక్కనూ, 1914లో చివరి తోడైన తాతగారినీ పోగొట్టుకున్నారు. మంచం పట్టిన ఆ తాతగారి పక్కన కూర్చొని, కళ్లు కనిపించని ఆ ముసలాయన మాటలనూ మూలుగులనూ డైరీగా రాసుకున్నారు. 1925లో అచ్చయిన ఆ డైరీలో విలాపం లేదు. కదలని చూపు, ఆ చూపు కింద కరిగిపోతున్న మనిషి, అప్పటికే ఉన్నాయి.

మీ పత్రికకూ, మన నగరంలోని అనువాదకులకూ నాదొక మనవి. కవబాతను తెలుగులోకి తెచ్చేవారు ఖాళీలను పూడ్చవద్దు. 'కాబట్టి', 'ఇంతలో', 'ఆ విధంగా' అని అతుకులు వేసి కథను సాఫీ చేయాలన్న కోరిక మంచి ఉద్దేశంతోనే కలుగుతుంది, దాని వల్ల నష్టపోయేది మాత్రం కవిత్వమే. ఇంగ్లీషు మీదుగా కాకుండా మూలం నుంచే తేవడానికి హైదరాబాద్‌లో అవకాశం ఉంది. తార్నాక దగ్గర ఇఫ్లూలో, అంటే ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయంలో, జపనీస్ భాష బోధిస్తున్నారు, అక్కడ చదువుకున్నవారిలో తెలుగువారూ ఉన్నారు. మీ ఆదివారం పేజీలో పెద్ద నవలల కథాసారాలకు బదులు, ఆ 'అరచేతి కథ'లను అలాంటివారి చేత అనువదింపజేసి, వారానికి ఒకటి చొప్పున, వ్యాఖ్యానం లేకుండా, కవితలకు ఇచ్చే చోటులోనే ప్రచురించండి. మొదట లాంతర్ల కథతో మొదలుపెట్టమని నా సూచన.

ఇట్లు,
ఒక పాఠకుడు,
నల్లకుంట, హైదరాబాద్